పెండ్లికాని పిల్లవాడి కాష్ఠం

రేగొండ,
ఆదివారం.

అక్షయ బాపుకు కరుణ నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. మీరు కూడా క్షేమమేనని మీ ఉత్తరం వల్ల తెలిసింది. ఊరు మొత్తంలో ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే. మిగతా అందరి లెక్కలో మీరు చనిపోయారు. మాటవరసకు అంటున్నది కాదు. మీ నాయిన దగ్గరుండి కట్టెలు తోలించాడు, మీ తమ్ముడు అజిత్ తలకొరివి పెట్టాడు, బూడిద కాళేశ్వరం తీసుకుపోయి గోదావరిలో కలిపి వచ్చారు. హాల్లో మీ ఫోటోకు దండ వేసి ఉంది. సర్పంచ్ ఎన్నికల పోస్టరు కోసం దిగిన ఫోటోనే అది. అందరికీ దండం పెడుతూ నవ్వుతున్నారు.

నిలబడి చదువుతున్నట్టయితే కూర్చోండి. ఆ జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్ల మీదైనా సరే కూర్చోండి. మీకు ఫోన్ లేదు, ఇంకొకరి ఫోన్‌కు చేయొద్దని రాశారు, అందుకే ఇదంతా కాగితం మీద పెట్టాల్సి వస్తోంది. ఉత్తరం మా బడి అడ్రసుకు రాసి మంచి పని చేశారు. ఇంటికి వచ్చి ఉంటే మామయ్య చేతిలో పడేది. మీ చేతిరాత చూసి నేను బడి బాత్‌రూంలో గడియ పెట్టుకుని ఏడ్చాను. బయట పిల్లలు తలుపు కొడుతున్నా లేవలేకపోయాను.

మీరు అడిగిన వాటికి ముందు జవాబు చెబుతాను. అక్షయ బడికి పోతోంది. తింటోంది. మాట్లాడడం తగ్గించింది. మామయ్య బీపీ గోలీలు నేను చేతిలో పెడితే వేసుకుంటున్నాడు, లేకపోతే లేదు. అత్తమ్మ మీ మంచం ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. ఓడిపోయానని జనం నవ్వుతున్నారా అని అడిగారు. ఎవరూ నవ్వడం లేదు. చచ్చినవాణ్ణి చూసి ఎవరు నవ్వుతారు? గెలిచినాయన కూడా వచ్చి పూలదండ వేసి, ‘మంచి మనిషి, జర ఓపిక పడితే ఇంకోసారి గెలుస్తుండె’ అని కండ్లు తుడుచుకున్నాడు. ఓట్ల డబ్బాలో రాని మంచితనం మీకు కాష్ఠం మీద వచ్చింది. ఇక, బండి దొరికిందా అని అడిగారు. దొరికింది. ఈ తంటా అంతా ఆ బండితోనే మొదలైంది.

చిల్పూరు గుట్ట కింద బండి పెట్టి, దేవుడికి మొక్కుదామనుకుని, మెట్లెక్కబుద్ధి కాక జనగామ బస్సెక్కానని రాశారు. అక్కడ రైలెక్కి చంద్రాపూర్ దాకా పోయానన్నారు. మాకేం తెలుసు? తాళంచెవి దానికే వదిలేసిన బండి, దానికి కొంచెం దూరంలో నిండుగా పారుతున్న కాలువ, అంతే కనపడింది. కొన్నాళ్లకు ఆ కాలువ తూము దగ్గర ఒక శవం తేలింది. ఇంచుమించు మీ ఎత్తే. మీ ఒళ్లే. తెల్ల అంగీ. నీళ్లలో నాని మొహం మొహంలా లేదట. దవాఖానలో శవాల గది గుమ్మం దగ్గరే మామయ్య ‘నా కొడుకే’ అని కూలబడ్డాడు. అజిత్ ముక్కుకు రుమాలు కట్టుకుని లోపలికి పోయి, వెంటనే బయటికి వచ్చి సంతకం పెట్టాడు. తండ్రి గుర్తుపట్టాక ఇంకెవరు కాదంటారు? ఆడవాళ్లను లోపలికి రానివ్వలేదు.

మీరు బతికే ఉన్నారు. మరి మేము కాల్చింది ఎవరిని? ఈ ఉత్తరం దానికోసమే రాస్తున్నాను. ఆ పిల్లవాడికి తల్లి ఉంది. ఆమె పేరు చాందీ. కొడుకు ఎముక ఇయ్యమని మన గేటు ముందుకు వచ్చి అడిగింది. మనకాడ ఎముక లేదు, బూడిద కూడా లేదు.

వాళ్లది చిల్పూరు దగ్గర తండా. కొడుకు అమర్ హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోతూ వస్తూ ఉండేవాడట. ఒకరోజు పనికి పోతున్నానని బ్యాగు సర్దుకుని, పోయేముందు కాలువలో స్నానం చేసి వస్తానని చెప్పి పోయాడు. వాడు మళ్లీ ఇంటికి రాకపోతే, అటునుంచి అటే బస్సెక్కాడనుకుంది. బ్యాగు ఇంట్లోనే ఉన్నా, మరిచిపోయాడనుకుంది. మేస్త్రీ ఫోన్ చేసి ‘అమర్ ఇంక రాలేదేంది’ అని అడిగాక గానీ ఆమెకు భయం పుట్టలేదు. స్టేషన్‌కు పరుగెత్తితే, కాలువలో ఒక్క శవమే దొరికిందని, అది రేగొండ మధుకర్ పటేల్‌దని, తీసుకుపోయి కాల్చేశారని చెప్పారు. ఆ మాట పట్టుకుని బస్సులు మారి మన ఇంటికి వచ్చింది. అప్పటికి మీ దినాలు కూడా అయిపోయాయి.

‘అమ్మా, మీరు కాల్చింది నా కొడుకునేమో’ అంది. అరవలేదు, ఏడవలేదు. ‘జర సూసినోళ్లు ఎవరన్న ఉంటె చెప్పుర్రి. వాని ఎడమ కాలు వేళ్లు రెండు అతుక్కోని ఉంటయి. పుట్టుడే గట్ల పుట్టిండు.’

మామయ్యకు కోపం వచ్చింది. ‘ఏందమ్మా, కొడుకు పోయి మేం సస్తుంటే నువ్వేంది గిట్ల? నా కొడుకును నేను ఎరుగనా?’ అన్నాడు. అత్తమ్మ చెంబుతో నీళ్లిచ్చి, పొమ్మని సైగ చేసింది. చాందీ నా వైపు తిరిగి, ‘నువ్వు సూసినవా బిడ్డా?’ అని అడిగింది. చూడలేదని చెప్పాను.

ఆమె మళ్లీ వచ్చింది. గేటు తీయకపోతే రోడ్డు మీద కూర్చుంది. మన పత్తి ఏరే ఓదెమ్మ ఆమెకు చాయ్ తెచ్చి ఇచ్చింది. నేను బడి నుంచి వచ్చేసరికి ఇద్దరూ గోడ నీడన కూర్చుని ఉన్నారు. ‘పెండ్లికాని పిల్లగాడమ్మా’ అని చాందీ మొదటిసారి గొంతు పెంచింది. ‘మా తండల పెండ్లయినోళ్లనే కాలుస్తరు. పెండ్లి కానోళ్లను మట్టిల పెడ్తరు. వాడు ఇల్లు కట్టలే, పిల్లల ఎత్తుకోలే. గసొంటోన్ని అగ్గిల ఏస్తే వాడు ఏడికి పోతడు? మా పెద్దలల్ల కలువడు, మీ పెద్దలల్ల కలువడు.’

ఓదెమ్మ వాళ్లు చర్చికి పోతారు కదా. ‘మేం పెట్టెల పెట్టి మట్టి చేస్తమమ్మా, ఏసయ్య పిలిచిన్నాడు లేస్తరని. గీ తల్లికి పిలిచెటందుకన్న ఏం మిగిలింది?’ అంది. మా బడిలో హిందీ మేడమ్ ముస్లిం. వేరే వాళ్ల సంగతని చెప్పి ఆమెను అడిగాను. మనిషిని కాల్చారన్న మాటకే ఆమె చెవులు మూసుకుంది. శరీరం దొరకని వాళ్లకు కూడా తాము నమాజు చదువుతామని, తల్లికి ఆ మాత్రమైనా ఆసరా ఉండాలని చెప్పింది. అందరికీ ఏదో ఒక దారి ఉంది. చాందీకి మాత్రం లేదు. ఆమె దారిని మూసింది మనమే.

మీ ఉత్తరం వచ్చాక పంతులు దగ్గరికి కూడా పోయాను. చుట్టాల్లో ఒకరికి జరిగిందని అబద్ధం చెప్పి, కర్మ చేసిన మనిషి తిరిగొస్తే ఏం చేయాలని అడిగాను. ఆయన పుస్తకం కూడా చూడలేదు. ‘ఆయన మళ్ల పుట్టాలమ్మా. నెయ్యి పూసి తానం పోయించి, పసిపిల్లగానికి చేసినట్టు జాతకర్మ చేసి, పేరు పెట్టాలె. ఆ పెండ్లాన్నే మళ్ల పెండ్లి చేసుకోవాలె. అప్పుడే ఆయన బతికినట్టు’ అన్నాడు. అంటే మీకు దారి ఉంది. ఇన్ని తప్పులు చేసిన మీకు పుట్టుక, పేరు, పెండ్లి అన్నీ రెండోసారి దొరుకుతాయి. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. దక్షిణ కూడా ఇవ్వకుండా వచ్చేశాను.

నిన్న బడిలో ట్రైనింగ్ ఉందని ఇంట్లో చెప్పి చాందీ తండాకు పోయాను. మీ ఉత్తరం సంచిలో పెట్టుకున్నాను. మీరు బతికే ఉన్నారని చెప్పి, ఆమె కాళ్లు పట్టుకుని వద్దామనుకున్నాను.

తండా చివర చేను గట్టు పక్కన జనం కనపడితే అటు పోయాను. అక్కడ ఒక బొంద తవ్వి ఉంది. మనిషి పట్టేంత బొంద. దాని పక్కన ఒక చిన్న దిబ్బ ఉంది, చాందీ బిడ్డ చిన్నప్పుడే పోతే అక్కడ పెట్టారట. చాందీ ఆ కొత్త బొందలోకి కాళ్లు వేలాడేసి కూర్చుని ఉంది. తండా పెద్ద ప్రేమ్‌సింగ్ ఆమెను బతిమాలుతున్నాడు.

‘ఎముక దొరికితే పెడ్తనని తవ్విపిచ్చింది టీచరమ్మా’ అని నాతో చెప్పాడు. ‘తవ్విన బొంద ఖాలీ ఉంచొద్దు. అది ఇంకో మనిషిని అడుగుతది. పిల్లలున్న తండ ఇది. పూడుస్తమంటే ఇనది. నేనే అండ్ల పండుకుంట, నా మీదికెల్లి మట్టి పొయ్యుర్రి అంటది. అన్నం ముట్టుత లేదు.’

ఆమె దవడలు లోపలికి పోయి ఉన్నాయి. నన్ను చూసి కూడా లేవలేదు. ఆ బొంద చూశాక నాకు సగం నిజం చెప్పి రావడం కుదరదని అర్థమైంది.

ఇక్కడ మీకు కూడా చెప్పాలి. ఇందాకటి నుంచి ఆడవాళ్లను లోపలికి రానివ్వలేదని, మాకేం తెలుసని రాస్తూ వచ్చాను. శవాన్ని ఇంటి ముందు దించాక, మొగని కాళ్లు మొక్కమని నన్ను తీసుకొచ్చారు. గుడ్డ కాళ్ల దగ్గర మాత్రం విప్పారు. నేను పసుపు చేత్తో పట్టుకున్నాను. ఎడమ కాలి వేళ్లు రెండు అతుక్కుని ఉన్నాయి. ఇన్నేళ్లు మీ కాళ్లకు ముల్లు తీసినదాన్ని, మందు రాసినదాన్ని. అవి మీ కాళ్లు కావని నాకు పట్టుకున్న క్షణమే తెలుసు.

నేను నోరు తెరవలేదు. ఆ శవం మీరు కాదంటే, మీరు మమ్మల్ని వదిలేసి పోయారన్నట్టు. ఓట్లలో ఓడిపోయిన సిగ్గు ముందు నేనూ, అక్షయా మీకు కంటికి ఆనలేదన్నట్టు. రేపటి నుంచి గల్లీలో ప్రతి ఒక్కరూ ‘ఆమె మొగడు ఏడికి పోయిండట’ అని అడుగుతారు. దానికంటే మీరు చచ్చిపోయారంటేనే నాకు బతకడం తేలిక అనిపించింది. అవును, మీరు చావాలని కోరుకున్నాను. చదువుతున్నారు కదా, ఇంకోసారి చదవండి. ఆ కాళ్ల మీద తల పెట్టి నిజంగానే ఏడ్చాను. ఊరు దాటాక పాడె దింపి, దింపుడు కళ్లం దగ్గర అజిత్ ఆ చెవిలో ‘మధుకరన్నా, మధుకరన్నా’ అని పిలుస్తుంటే కూడా నిలబడి చూశాను. పదో రోజు గాజులు తీయడానికి వచ్చిన అమ్మలక్కలు, చదువుకున్న పిల్ల, ఈ కాలంలో వద్దులే అన్నారు. నేనే చేతులు చాచాను. ఇక వెనక్కి పోయే దారి లేకుండా చేసుకోవాలనిపించింది. ఆ గాజులు నా చేతి మీదే పగలగొట్టారు.

ఇదంతా బొంద గట్టు మీద కూర్చుని చాందీకి చెప్పాను. మీ ఉత్తరం తీసి చూపించాను. ఆమె చదవలేదు, దాన్ని ముట్టుకోలేదు.

‘వేళ్లు సూసినవా?’ అంది.

‘చూసిన.’

‘గేటుకాడ అడిగితె సూడలే అన్నవ్.’

‘అబద్ధమాడిన. నా మొగడు నన్ను ఇడిచిపెట్టి పోయిండంటే తట్టుకోలేకపోయిన.’

ఆమె లేచి నా చెంప మీద కొట్టింది. గట్టిగానే కొట్టింది. ప్రేమ్‌సింగ్ అడ్డం వస్తుంటే నేనే ఆగమన్నాను. ఆమె మళ్లీ కూర్చుంది.

‘మీరు చెవుల పిలుస్తరు గద, వాని చెవుల ఏం పేరు పిలిచిండ్రు?’ అని అడిగింది.

‘నా మొగని పేరు.’

ఆమె అప్పుడు ఏడ్చింది. ‘వాడు అనుకోని ఉంటడు, నన్ను గాదు ఇంకెవర్నో పిలుస్తుండ్రని’ అని నేల మీద చెయ్యి కొడుతూ ఏడ్చింది. నాకు ఆ బొందలో నేనే పడుకోవాలనిపించింది. ఏం ఇచ్చి ఆమెను ఆపగలను? నా దగ్గర ఏముంది?

ఏడుపు కొంచెం తగ్గాక, ‘వాని కోసం ఎవరన్న ఏడ్చిండ్రా?’ అంది.

‘నేనే ఏడ్చిన.’

‘వాని మీద వడి?’

‘ఆ. వాని కాళ్ల మీద వడి.’

‘వాడు నీ మొగడు కాదని తెల్సినంక?’

తెలిసే ఏడ్చానని చెప్పాను. ఆమె నా రెండు చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. పగిలిన గాజు గీరిన గాటు మణికట్టు మీద ఇంకా మానలేదు. దాని మీద బొటనవేలు పెట్టి నొక్కింది.

‘నీ మొగడు బతికే ఉండె. మరి గీ గాజులు ఎవరికోసం పలిగినయి?’ అంది.

ఆమె జవాబు కోసం ఆగలేదు. బొందలోంచి కాళ్లు తీసి, కొంగుతో మొహం తుడుచుకుని, ప్రేమ్‌సింగ్ వైపు తిరిగింది.

‘నాయక్, బొంద పూడ్పియ్యి.’

‘ఎముక లేకుంటనే?’

‘ఎముక ఎందుకు? నా కొడుకు పెండ్లయినోడు. పెండ్లాం కాళ్లు మొక్కింది, మీద వడి ఏడ్చింది, గాజులు పలగ్గొట్టుకుంది. పెండ్లయినోన్ని కాల్చుడు తప్పు గాదు. పెండ్లయినోనికి బొంద ఎందుకు?’

ప్రేమ్‌సింగ్ ఆమె మొహం చూశాడు, నా మొహం చూశాడు. తండా పెద్ద కదా, గాలిమాట ఒప్పుకోడు. ‘టీచరమ్మా, ఆమె చెప్పింది నిజమేనా? పదిమంది ముందట చెప్పాలె’ అన్నాడు. అందరూ నా వైపు చూస్తున్నారు. చాందీ చూడలేదు. ఆమె నేల చూపు చూస్తూ, నా చెయ్యి మాత్రం వదలకుండా పట్టుకుంది.

ఔనని చెప్పాను.

మగవాళ్లు పారలు తెచ్చి బొంద పూడ్చారు. చాందీ ఒక దోసెడు, నేను ఒక దోసెడు మట్టి వేశాం. తండా ఆడవాళ్లు నన్ను కావలించుకుని, నా భుజం మీద తల పెట్టి రాగం తీసి ఏడ్చారు. వాళ్ల భాష నాకు ఒక్క ముక్క రాదు. తర్వాత చాందీ రొట్టె చేసింది. నాకు పెట్టి, తనూ తిన్నది.

బస్సు దాకా వచ్చి, ఎక్కేముందు చెప్పింది. ‘నీ మొగడొస్తే రానియ్యి బిడ్డా, మంచిదే, ఏ తల్లి కొడుకన్న వస్తె మంచిదే. ఆ చేతులు మాత్రం గట్లనే ఉండనియ్యి. నువ్వు మల్ల గాజులేస్కున్ననాడు నా కొడుకు మల్ల పెండ్లికానోడైతడు.’

ఇప్పుడు నేనేం చేయాలో చెప్పండి. మీరు బతికే ఉన్నారని తండాకు తెలిసిపోయింది. అది రేపో ఎల్లుండో మన ఊరికి వస్తుంది, స్టేషన్‌కు పోతుంది. మామయ్య ఆ మాట బయటివాళ్ల నోట వింటే గుండె ఆగిపోతుంది. పరాయి పిల్లవాణ్ణి నా కొడుకన్నది ఆయనే కదా. ఆ మాట ఆయన చెవిన పడకముందే మీరు వచ్చి ఎదురుగా నిలబడాలి. సిగ్గయితుందని అక్కడే కూర్చోకండి. మీ సిగ్గుకు ఒక తల్లి కొడుకు బూడిదయ్యాడు, ఇంకా ఎంతమంది కావాలి? ఈ ఉత్తరం అందిన వెంటనే రైలెక్కండి. అక్షయ మీ చెప్పులు కడిగి మంచం కింద పెట్టుకుంది, నేను చూడలేదనుకుంటోంది. మీ కాళ్లకు మొక్కుతాను, రండి.

వస్తే పంతులు చెప్పినవన్నీ చేయించుకోండి. నెయ్యి పూయించుకోండి, పేరు పెట్టించుకోండి. మీ నాయినకు కొడుకుగా, అక్షయకు బాపుగా మళ్లీ పుట్టండి. నేను తలుపు తీస్తాను, అన్నం పెడతాను, జ్వరమొస్తే పక్కన కూర్చుంటాను. మీ మీద నాకు ప్రేమ లేకపోతే ఇంత రాయను. మళ్లీ పెండ్లి మాట మాత్రం అడగొద్దు. నేను పదిమంది ముందు ఔనని చెప్పి వచ్చాను.

ఇట్లు,
అక్షయ తల్లి,
చాందీ కోడలు
కరుణ.